బర్రెకు వచ్చింది గొంతువాపు కాదు, పురుగు మందు విషం

ప్రశ్న: మాకు పెన్‌గంగ దగ్గర నాలుగెకరాల పత్తి, రెండు ఎడ్లు, ఒక ముర్రా బర్రె ఉన్నాయి. పోయిన సోమవారం పచ్చదోమకు, గులాబీ పురుగుకు కలిపి మందు కొట్టాం. షాపాయన ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందులో ఎసిఫేట్ కూడా వేసుకోమన్నాడు. మంగళవారం పొద్దున బర్రెకు నోటి నుంచి చొంగ, ఒళ్లంతా వణుకు, పెండ నీళ్లలా పడింది. జ్వరం లేదు. రెండు నెలల దూడ మధ్యాహ్నానికే చచ్చిపోయింది. అదే షాపాయన గొంతువాపు అని చెప్పి యాంటీబయోటిక్ సూది వేయించాడు. పక్క చేను వాళ్లు గట్టు గడ్డి మీద మందు కొట్టారేమోనని నా అనుమానం. ఎడ్లు, బర్రె అక్కడే మేశాయి. ఎడ్లకు ఏమీ కాలేదు. బర్రె బతికింది కానీ పూటకు నాలుగు లీటర్లిచ్చేది ఇప్పుడు లీటరే ఇస్తోంది. పంపు కడిగిన బకెట్టునే తొలిచి కుడితి పెట్టాం, దాంతో ఏమీ కాదు కదా? పాలు వాడుకోవచ్చా?
– ఒక రైతు, బేల మండలం, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అయ్యేదంతా ఆ బకెట్టుతోనే అయిందని నా అనుమానం. పక్క చేను వాళ్లతో గొడవ పెట్టుకోకండి. గట్టు గడ్డిలో విషం ఉంటే అక్కడే మేసిన ఎడ్లు కూడా పడిపోవాలి. రెండు నెలల దూడ గడ్డి ఎంత తింటుంది? కుడితిలో మాత్రం మూతి పెడుతుంది. దాని ఒంటి బరువుకు ఆ కొంచెమే ఎక్కువ. ఒకసారి తొలిస్తే ఈ మందులు ప్లాస్టిక్‌ను వదలవు.

గొంతువాపులో జ్వరం 104 నుంచి 107 డిగ్రీల దాకా పోతుంది, గొంతు కింద వాపు వస్తుంది, గురక వినిపిస్తుంది. మీ బర్రెకు జ్వరమే లేదన్నారు. జ్వరం చూడకుండా యాంటీబయోటిక్ వేసినవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ రెండూ ఆర్గానోఫాస్ఫేట్ మందులే. నరం నుంచి కండరానికి, గ్రంథులకు కబురు మోసే రసాయనాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టడానికి ఒంట్లో కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఈ మందులు దాన్ని పట్టేస్తాయి. చొంగ, వణుకు, నీళ్ల పెండ అన్నీ అందుకే. ఇక సైపర్‌మెత్రిన్‌ను మామూలుగా పశువు కాలేయం విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైములను కూడా ప్రొఫెనోఫాస్ అడ్డుకుంటుంది. పురుగులో జరిగేదీ ఇదే, అందుకే కలిపిన మందు గట్టిగా పనిచేస్తుందంటారు. బర్రెలోనూ దాని విషం పెరుగుతుంది! దాని మీద ఎసిఫేట్ దేనికి? ప్రొఫెనోఫాస్ చేసే పనే అదీ చేస్తుంది. రెండో డబ్బా అమ్ముడుపోవడం తప్ప మీకు ఒరిగిందేమీ లేదు.

ఇలాంటి లక్షణాలు మళ్లీ కనిపిస్తే షాపుకు కాదు, వెంటనే పశువైద్య సంచార వాహనం నంబరు 1962కు ఫోన్ చేయండి. విరుగుడు అట్రోపిన్. కిలో ఒంటి బరువుకు 0.25 నుంచి 0.5 మిల్లీగ్రాములు. 400 కిలోల బర్రెకు కనీసం 100 మిల్లీగ్రాములు కావాలి. పావు వంతు రక్తనాళంలోకి నెమ్మదిగా, మిగతాది చర్మం కింద ఇచ్చి, చొంగ తగ్గేదాన్ని బట్టి 3 నుంచి 6 గంటలకోసారి మళ్లీ వేయాలి. మనుషులకు వాడే ఆంపుల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. అలాంటివి ఒకటి రెండు వేసి ‘అట్రోపిన్ ఇచ్చాం, పనిచేయలేదు’ అంటుంటారు. వణుకు అట్రోపిన్‌తో పోదు. దానికి ప్రాలిడాక్సిమ్ కిలోకు 20 నుంచి 50 మిల్లీగ్రాములు, వీలైనంత వరకు 24 గంటల లోపే పడాలి. కడుపులోని విషానికి యాక్టివేటెడ్ చార్‌కోల్ కిలోకు 1 నుంచి 2 గ్రాములు నీళ్లలో కలిపి డాక్టరే గొట్టంతో పట్టాలి. పొయ్యి బొగ్గు పనికిరాదు. చొంగ కారుతున్న పశువుకు మీరు నూనె, మజ్జిగ తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటి మీద మందు పడితే చల్లటి నీళ్లు, సబ్బుతో కడగండి, మీ చేతులకు తొడుగులు వేసుకుని.

ఇప్పుడైతే రోజులు గడిచాయి కాబట్టి ఆ సూదులతో పని లేదు. మెత్తటి పచ్చిగడ్డి, మంచి నీళ్లు పెట్టండి. నెమరు సరిగా వేయకపోతే డాక్టరుకు చూపించండి, ఆకలి పుంజుకుంటేనే పాలు పెరుగుతాయి. రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష ఇప్పటికీ చేయించవచ్చు, పశువుల్లో ఆ ఎంజైము పూర్తిగా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే ఈ సీజన్ అయ్యేదాకా గోమార్లకు మలాథియాన్ లాంటి మందులు కొట్టొద్దు, లెవామిసోల్ నట్టల మందు తాగించొద్దు. బర్రె పూర్తిగా తేరుకుని, డాక్టరు సరే అనే వరకు పాలు పారబోయండి. డెయిరీకి పోయడం, కుక్కకు పెట్టడం కూడా వద్దు.

పత్తి సంగతి. లింగాకర్షక బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు రెక్కల పురుగులు పడ్డాయా? పడకపోతే గులాబీ పురుగుకు మందు ఎందుకు కొట్టారు? సైపర్‌మెత్రిన్ పదేపదే కొడితే తెల్లదోమ విజృంభిస్తుంది, అప్పుడు ఇంకో సీసా. ఒకసారి ఒకే మందు, మోతాదు డబ్బా మీద రాసినంత. పంపును, డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు అదే చేలో కొట్టేయండి. కొట్టిన చేను గట్టు గడ్డి 15 రోజుల దాకా కోయొద్దు. ఆ బకెట్టుకు ఎర్ర రంగు పూసి చేను దగ్గరే ఉంచండి.

పంపు మోసినవాళ్ల సంగతి మీరు రాయలేదు. 2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందులు కొడుతూ విషమెక్కి 20 మందికి పైగా చనిపోయారు. మీలో ఎవరికైనా తలనొప్పి, చూపు మసకబారడం, వాంతులు ఉంటే మందు డబ్బా చేత పట్టుకుని ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి.