ఫోన్ సమీక్షలు రాయబోతున్న అమ్మాయికి

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఐఫోన్ కొనాలా, ఆండ్రాయిడ్ కొనాలా అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, రెండు ఫోన్ల వివరాలు పక్కపక్కన పట్టికగా వేసి, చివర ఒకదానికి పదికి ఎనిమిదిన్నర, రెండోదానికి ఎనిమిది మార్కులు వేశావు. భాష శుభ్రంగా ఉంది. ‘బీస్ట్’, ‘కిల్లర్’ వంటి మాటలు ఒక్కటీ దొర్లలేదు, అందుకు సంతోషం. అయితే ఆ పట్టికలోని ప్రతి అంకె కంపెనీ వాళ్ల ప్రకటనలోనూ ఉంది. అందులో నువ్వు స్వయంగా చూసి రాసింది ఏది, వాళ్లు చెబితే రాసింది ఏది అన్నది చదివేవాళ్లకు తెలిసే దారి లేదు. నాకూ తెలియలేదు.

ఫోన్ కంపెనీలు పచ్చి అబద్ధం చెప్పడం అరుదు. వాళ్లు చెప్పేది చాలావరకు నిజమే, కాని ఏదో ఒక షరతుకు లోబడిన నిజం. ఆ షరతు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. దాన్ని వెతికి పైకి తెచ్చి, కొనేవాళ్ల రోజువారీ బతుకులో అది నెరవేరుతుందా లేదా అని చెప్పడమే సమీక్షకుల పని అని నా అభిప్రాయం. ఇతరుల సమీక్షలు చదివేటప్పుడు కూడా, ఇది చేసినవాళ్లనే నేను నమ్ముతాను.

నీ వ్యాసంలోని వాక్యమే ఒకటి తీసుకుందాం. ‘ఐపీ 68 ఉంది కాబట్టి వానలో నిశ్చింతగా వాడుకోవచ్చు’ అని రాశావు. ఆ రెండంకెల్లో ఆరు దుమ్ముకు, ఎనిమిది నీళ్లకు సంబంధించినవి. ఎనిమిది అంటే ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారే నిర్ణయించుకుని ప్రకటిస్తాడు. ఐఫోన్ 12 నుంచి ఆపిల్ చెబుతూ వస్తున్నది ఆరు మీటర్ల లోతు, అరగంట సేపు. పరీక్ష జరిగేది ప్రయోగశాలలో, శుభ్రమైన నీళ్లలో, కొత్త ఫోన్ మీద. వానాకాలంలో మలక్‌పేట రైలు వంతెన కింద నిలిచే నీళ్లు అలాంటివి కావు. రెండేళ్లు వాడి, ఒకసారి కింద పడేసి, ఒకసారి డిస్‌ప్లే మార్పించిన ఫోన్‌కు మొదటినాటి బందోబస్తు ఉంటుందన్న హామీ కూడా లేదు. పైగా ఐపీ 68 అని గొప్పగా చెప్పుకునే కంపెనీల్లో చాలావరకు, నీళ్లు చేరి ఫోన్ పాడైతే మామూలు వారంటీ వర్తించదని తమ షరతుల్లో రాసుకుంటాయి. నీ ఒక్క వాక్యం స్థానంలో ఇవన్నీ చెప్పాలంటే నాలుగు వాక్యాలు పడతాయి. పట్టనీ.

తెర వెలుతురుకు చెప్పే నిట్ల లెక్క కూడా ఇలాంటిదే. ఆ పెద్ద అంకె సాధారణంగా తెరలో కొద్ది భాగం మాత్రమే వెలిగినప్పటిది. 200 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలుగా పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. వీటి మీద ఎక్కువసేపు ఆగనక్కర లేదు, ఒక్కో వాక్యం చాలు.

వేగం పరీక్షల దగ్గర మాత్రం ఆగాలి. నీ పట్టికలో సగం బెంచ్‌మార్క్ స్కోర్లే కనుక చెబుతున్నాను. 2013లో గెలాక్సీ ఎస్4 కొన్ని పరీక్ష యాప్‌లను గుర్తుపట్టి, అవి నడుస్తున్నంతసేపూ మామూలుగా ఇవ్వని వేగాన్ని ఇస్తోందని సమీక్షకులు బయటపెట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత అదే వ్యవహారం తిరగబడి వచ్చింది. ఫోన్ వేడెక్కకుండా సామ్‌సంగ్ పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ వేల యాప్‌ల వేగాన్ని తగ్గిస్తూ, పరీక్ష యాప్‌ల జోలికి మాత్రం పోవడం లేదని 2022 మార్చిలో తేలింది. వేగం పరీక్ష యాప్ నడిపే గీక్‌బెంచ్ వాళ్లు గెలాక్సీ ఎస్10 నుంచి ఎస్22 దాకా ఆ శ్రేణి ఫోన్లను తమ జాబితాలోంచి తీసేశారు. అంతకు ముందు సంవత్సరం ఇటువంటి కారణంతోనే వన్‌ప్లస్ 9ని తీసేశారు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి బడికి ముందురోజు సున్నం కొట్టించినట్టన్నమాట. కనుక స్కోరు వేస్తే వెయ్యి, కాని దాని పక్కన నువ్వు చేతిలో పట్టుకుని చూసిన పని ఒకటి ఉండాలి. అరగంట వీడియో కాల్ తర్వాత ఫోన్ వెనక భాగం ఎంత వేడెక్కింది? యూపీఐ యాప్ తెరిచి, స్కానర్ పెట్టి, పిన్ కొట్టి, డబ్బు వెళ్లినట్టు మోగేదాకా కిరాణా కొట్టు దగ్గర ఎంతసేపు నిలబడ్డావు? ఇలాంటివి రాయి.

కెమెరా విషయంలోనూ ఫోన్ దేన్ని గుర్తుపడుతుందో కనిపెట్టాలి. 2023లో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలనే మసకబరిచి, కంప్యూటర్ తెర మీద పెట్టి, చీకటి గదిలోంచి సామ్‌సంగ్ ఫోన్‌తో జూమ్ చేసి తీస్తే, బొమ్మలో లేని గుంటలూ గీతలూ ఫొటోలో వచ్చాయి. ఫోన్ అది చంద్రుడని పోల్చుకుని, తాను నేర్చుకున్న వివరాన్ని కలిపింది. అది మోసమా, సౌకర్యమా అన్న వాదన ఇంకా తెగలేదు, నేను తేల్చబోవడం లేదు. జూమ్ బాగుందని రాయడానికి చంద్రుడు పనికిరాడన్నది మాత్రం ఖాయం. ట్యాంక్‌బండ్ మీద నిలబడి బుద్ధ విగ్రహాన్ని తియ్యి, పక్కన పోయే పడవ మీద రాసిన అక్షరాలను తియ్యి. ఇంకా మంచి పరీక్ష ఏదంటే, ఏదైనా ఫంక్షన్ హాల్లో, రంగు లైట్ల కింద, ముదురు ఎరుపు పట్టుచీర కట్టుకున్న చామనఛాయ మనిషిని అడిగి ఫొటో తియ్యడం. చీర అంచులోని జరీ విడివిడిగా కనబడిందా, లేక ఎరుపంతా ఒక ముద్దయిందా? మొహం రంగు మొహం రంగులాగే ఉందా, లేక అడగకుండానే తెల్లబరిచిందా? మనవాళ్లు ఫోన్ కెమెరాను అన్నిటికన్నా ఎక్కువగా వాడేది అక్కడే కదా, మరి మన సమీక్షల్లో పూలకుండీలే ఎందుకు కనిపిస్తాయో నాకు అర్థం కాదు.

ఇక ఎండ. ఐఫోన్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని ఆపిల్ స్వయంగా చెబుతుంది. మే నెలలో మన ఊరు 40 దాటుతుంది. ఆ వేడిలో ఫోన్ తెర మసకబారడం, ఛార్జింగ్ నెమ్మదించడం లేదా ఆగిపోవడం, కెమెరా ఫ్లాష్ పనిచేయకపోవడం లోపాలు కావు, తనను తాను కాపాడుకోవడానికి ఫోన్ చేసుకునే ఏర్పాటు అది. కాని బైక్ హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి భోజనం చేరవేసే కుర్రవాడికి అది ఆ రోజు సంపాదనకు సంబంధించిన విషయం. ఏసీ గదిలో రాసిన సమీక్ష అతనికి ఉపయోగపడదు. పెద్ద ఇంజన్ల మోటార్‌సైకిళ్ల అదురుకు కెమెరాలోని స్థిరీకరణ భాగాలు దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ హెచ్చరించిన సంగతి కూడా అతని చెవిన వేయాల్సినదే.

సమీక్షకుల చేతికి వచ్చే ఫోన్ చాలాసార్లు కంపెనీ పంపినదే. దానితో పాటు ఫలానా రోజు ఫలానా గంట దాకా ప్రచురించరాదన్న ఎంబార్గో కూడా వస్తుంది. అందరూ వారం పది రోజులు వాడి ఒకే గంటకు రాస్తారు. అందులో తప్పు లేదు, కాని వారం వాడినవాళ్లు వారానికి సరిపడా మాటలే రాయాలి. ‘బ్యాటరీ మూడేళ్లు ఢోకా లేదు’ అనకూడదు. మూడేళ్ల సంగతి తెలియాలంటే అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లు. ఏదైనా మరమ్మతు కొట్టులో అనుమతి అడిగి ఒక పూట పక్కన కూర్చో. కౌంటర్ మీద మ్యాట్ పరిచి, హీట్ ప్లేట్ మీద పెట్టి జిగురు వదిలించి, వెనక ప్యానెల్ ఎత్తేసరికి లోపల బ్యాటరీ ఉబ్బి ఉండడం కనబడుతుంది. ఛార్జింగ్ జాక్‌లోంచి సూదితో జేబు నూలంతా ఉండగా లాగుతారు. అప్‌డేట్ చేసిన మర్నాడు తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత పడిందని తెచ్చేవాళ్లు వస్తారు. ‘ఫోల్డర్ మార్చాలి’ అని (తెర మొత్తాన్ని కొట్టువాళ్లు అలా అంటారు) చెప్పి ధర చెప్పగానే, కొన్న ధరలో మూడో వంతు దాకా ఉందని విని వాళ్ల మొహం ఎలా మారుతుందో చూడు. ఏ మోడల్‌కు విడిభాగాలు దొరుకుతాయి, దేనికి వారాల తరబడి తిరగాలి అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలిసినంతగా ఏ సమీక్షలోనూ దొరకదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న: ఐఫోనా, ఆండ్రాయిడా. ముందుగా, ఆండ్రాయిడ్ అనేది ఒక ఫోన్ కాదు. ఒక్కో కంపెనీ దాన్ని తన పద్ధతిలో మార్చుకుంటుంది: సామ్‌సంగ్ వన్ యూఐ వేరు, షామీ హైపర్ ఓఎస్ వేరు, గూగుల్ పిక్సెల్ ఫోన్‌లో ఉండేది వేరు. ఎనభై వేల ఐఫోన్ పక్కన ఇరవై వేల ఆండ్రాయిడ్‌ను పెట్టి ఆండ్రాయిడ్ నెమ్మది అని రాస్తే అది ధరల పోలికే తప్ప ప్లాట్‌ఫారాల పోలిక, అంటే ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, దాని యాప్‌ల పోలిక కాదు. నువ్వు రెండో పేరాలో చేసింది అదే.

ప్లాట్‌ఫారాన్ని పోల్చడమంటే దాని రాబోయే కాలాన్ని అంచనా కట్టడం. విండోస్ ఫోన్ 2010లో వచ్చినప్పుడు ఆ టైళ్ల తెరను మెచ్చుకోనివాళ్లు తక్కువ. మైక్రోసాఫ్ట్ 2014లో నోకియా ఫోన్ల వ్యాపారాన్నే కొనేసింది. అయినా యాప్‌లు చేసేవాళ్లు అటు రాలేదు. 2019 చివరి రోజుతో వాట్సాప్ విండోస్ ఫోన్లను వదిలేసింది. మన దేశంలో ఫోన్‌కు అది మరణ ధ్రువపత్రమే. తెర, కెమెరా, వేగం బాగానే ఉన్నాయి, ప్లాట్‌ఫారం పోయింది. నేడు మిగిలిన రెండింటిలో అప్‌డేట్ల లెక్క చూడాలి. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 అందింది. ఆండ్రాయిడ్ వైపు చాలాకాలం రెండు మూడేళ్లతో సరిపెట్టినా, 2023 అక్టోబరులో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో సామ్‌సంగ్ ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఇక్కడా షరతు ఉంది. ఆ ఏడేళ్లు ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి, నువ్వు కొన్న రోజు నుంచి కాదు. పైగా అదే కంపెనీ తక్కువ ధర ఫోన్‌కు ఆ హామీ ఉండకపోవచ్చు. రెండేళ్ల కిందటి మోడల్‌ను దసరా అమ్మకాల్లో తగ్గింపుకు కొనేవాళ్లకు ఇది చెప్పి తీరాలి.

ఇంగ్లీషు సమీక్షలు ఎప్పటికీ రాయని అధ్యాయం ఒకటుంది, అది నీది. ఫోన్‌లో తెలుగు. ఆండ్రాయిడ్ 2014లో ఐదో వెర్షన్‌తోనే మొత్తం మెనూలను తెలుగులో ఇచ్చింది. ఐఫోన్‌లో ఆ సౌకర్యం 2025లో ఐఓఎస్ 18.4తో గాని రాలేదు. పదేళ్లకు పైగా, తెలుగు తప్ప చదవలేని తల్లికి ఐఫోన్ కొనిచ్చిన కొడుకు, సెట్టింగులు మార్చాల్సి వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోవలసిందే. ఈ తేడా నేను చదివిన పోలికల్లో ఎక్కడా కనబడలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేర్చి పంపితే ఐఫోన్‌లోని మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. అది ప్రపంచ వార్త అయింది, ఆపిల్ కొద్దిరోజుల్లో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అలాంటివి ఎవరో ఒకరు చూస్తారులే. రోజూ ఇబ్బంది పెట్టే చిన్న సంగతులు నువ్వు చూడాలి: ఒత్తులు పడే పద్ధతి, సంధి కుదిరిన పెద్ద మాటలను కీబోర్డు దిద్దే తీరు, మన నగరపు మాటతీరులో నోటితో చెబితే ఎంతవరకు రాసుకుంటుంది, అక్షరాలు పెద్దవి చేస్తే గుడులూ కొమ్ములూ పైవరుసకు తగిలి తెగిపోతున్నాయా.

డబ్బు గురించి రెండు మాటలు. ఉచితంగా వచ్చిన ఫోన్, కంపెనీ ఖర్చుతో ప్రయాణం, కొనుగోలు లింకు మీద కమీషన్, వీటిలో ఏది ఉన్నా చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ప్రకటన సమీక్ష ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో పొగిడి, అడుగున ఇంగ్లీషులో ఒక ముక్క అంటించడం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి చట్టం మొదటిసారికే పది లక్షల దాకా జరిమానా వేయగలదు. జరిమానా భయం సంగతి అలా ఉంచి, ఎవరి ఫోనో చెప్పని సమీక్షను నేను చివరిదాకా చదవను.

చివరగా ఆ ఎనిమిదిన్నర. దాన్ని తీసెయ్యి. వంట చేస్తూ వీడియోలు చూసే మనిషికి, కోచింగ్ కోసం అమీర్‌పేటలో ఉంటున్న విద్యార్థికి, డెలివరీ కుర్రవాడికి ఒకే అంకె సరిపోదు. బదులుగా ఎవరు కొనవచ్చో ఒక పేరా, ఎవరు కొనకూడదో ఒక పేరా రాయి. రెండోది రాయలేకపోతే ఫోన్‌ను ఇంకొన్నాళ్లు వాడు. ఫోన్ ఎవరిది, నీ దగ్గర ఎన్నాళ్లుంది, ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, ఏ సిమ్ వేశావు అన్నవి మొదటి పేరాలోకి తీసుకురా. పట్టిక ఉంచాలనిపిస్తే ఉంచు, కాని నువ్వు కొలవని ప్రతి అంకె పక్కన ‘కంపెనీ చెప్పినది’ అని రాయి. రెండో ప్రతి దసరా అమ్మకాలకు ముందే పంపితే వెంటనే చదివి తిప్పి పంపుతాను, ఆ వారంలో కొనేవాళ్లకు అందుతుంది.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి