అత్త – అత్తా – అతా

సందేహం: టర్కీ భాషలో 'అతా' అంటే తండ్రి అనీ, పాత గోథిక్ (జర్మన్‌కు చుట్టమైన, ఇప్పుడు వాడుకలో లేని భాష) బైబిల్లో దేవుణ్ణి 'అత్తా' అని పిలిచారనీ చదివాను. మన 'అత్త'కూ వీటికీ చుట్టరికం ఉందా?

సమాధానం: లేదండి. పోలిక మాత్రం నిజమే. 4వ శతాబ్దపు గోథిక్ అనువాదంలో పరలోక ప్రార్థన 'అత్తా ఉన్సర్' (మా తండ్రీ) అని మొదలవుతుంది. 1934లో టర్కీ నేత ముస్తఫా కెమాల్‌కు అక్కడి పార్లమెంటు ఇచ్చిన 'అతాతుర్క్' అనే ఇంటిపేరులో ఉన్నదీ ఆ తండ్రే. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల్లో మాట్లాడే, ఏ భాషాకుటుంబంలోనూ చేరని బాస్క్‌లో తండ్రిని 'అయితా' అంటారు.

ఇంత అచ్చుగుద్దినట్టు ఉండటమే నాకు అనుమానం. వేల ఏళ్ల కిందట విడిపోయిన మాటలు రూపం మార్చుకుంటాయి. సంస్కృత 'పితృ', ఇంగ్లీషు 'ఫాదర్' ఒక వేరువే అయినా పకారం అక్కడ ఫకారమైంది. 'అత్తా' వంటివి చంటిపిల్లల నోట పుట్టినవి. పెదవులు, పళ్ల దగ్గర పలికే హల్లులు, నోరంతా తెరిచి అనే 'అ' వాళ్లకు ముందు వస్తాయి. ఆ పలుకును ఏ ఇంటివాళ్లు ఎవరికి పెట్టుకుంటే వాళ్లదే పేరు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో దీన్ని వివరించాడు. జార్జియన్ భాషలో 'మామా' అంటే తండ్రి, 'దెదా' అంటే తల్లి!

మన మాటకు అసలు చుట్టాలు పక్కిళ్లలోనే ఉన్నాయి: తమిళంలో 'అత్తై', కన్నడంలో 'అత్తె'. కన్నడంలో 'అత్తిగె' అంటే వదిన. తమిళంలో 'అత్తన్' తండ్రి, 'ఆత్తా' తల్లి. తమిళ శైవభక్తుల పాటల సంకలనం తేవారంలో భక్తకవి సుందరర్ శివుణ్ణి 'అత్తా' అనే పిలుస్తాడు. అక్కడి ముస్లిం ఇళ్లలో పిల్లలు నాన్నను నేటికీ 'అత్తా' అంటారు.

హిందీలో నాన్న సోదరి బువా, మేనమామ భార్య మామీ, భర్త తల్లి సాస్. ముగ్గురికీ మనకు ఒక్క 'అత్త' చాలింది. అది మాటల కొరత కాదు, మేనరికం. మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకు మేనత్తే అత్తగారు. మేనమామ కొడుకును చేసుకుంటే ఆయన భార్య.

ఈ అర్థం ఎంత పాతదో చూడాలంటే శాతవాహన రాజు హాలుడి ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతి తెరవాలి. ఇంటికొచ్చిన బాటసారికి ఒక ఇల్లాలు, అత్త ఎక్కడ పడుకుంటుందో, తానెక్కడ పడుకుంటుందో చూపిస్తుంది. ధ్వనికి (పైకి చెప్పకుండా సూచించే అర్థానికి) ఉదాహరణగా అలంకారికుడు ఆనందవర్ధనుడు ఎత్తుకున్న గాథ అది. సంస్కృతంలో అయితే 'శ్వశ్రూ' అనాలి. ఆ ప్రాకృత గాథలో ఉన్న మాట 'అత్తా'. శాతవాహనుల నేల మీద అది మనవాళ్ల ఇళ్లలోంచే ప్రాకృతంలోకి వెళ్లిందని నా నమ్మకం.