రొమ్ము క్యాన్సర్ తగ్గినావిడకు గడ్డం మొద్దుబారితే పంటి సమస్యేనా?

మీ అమ్మగారికి అప్పట్లో రొమ్ము క్యాన్సర్ తగ్గింది, ఇప్పుడు కింది పెదవి, గడ్డం ఒకవైపు మొద్దుబారాయి, పన్ను వల్లేనా అని అడిగారు. పన్ను వల్ల కావచ్చు. కానీ పన్నేనని తేల్చేసుకుని ఊరుకోకండి. ఆవిడకు క్యాన్సర్ వైద్యం చేసిన డాక్టరుకు ఈ వారంలోనే చెప్పండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా పెద్దమ్మకు అచ్చం ఇలాగే మొదలైంది. గాజువాకలో ఉండేది, ఆవిడకూ అంతకుముందు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఓరోజు ఉప్మా తింటుంటే కింది పెదవికి కుడివైపు రవ్వ అంటుకుంది. తుడుచుకో పెద్దమ్మా అంటే ఎడమవైపు తుడుచుకుంది. "ఇటేపంతా మొద్దుబారిపోనాదే, పన్ను పీకడానికి సూదేసినట్టుంది" అంది. వాపు లేదు, పుండు లేదు. దగ్గర్లోని క్లినిక్కులో దవడపన్ను కదులుతోందని పీకేశారు. ఆ గుంత మానలేదు సరికదా, అందులోంచి ఎర్రగా కండ పెరుక్కొచ్చింది. తగిలితే రక్తం. దానికి మాత్రలు, మళ్లీ మాత్రలు. రొమ్ము ఆపరేషన్ సంగతి ఎవరూ అడగలేదు. అడిగిందల్లా చుట్ట కాలుస్తారా, ఖైనీ వేస్తారా అనే!

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మనవైపు అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు నోట్లోకి ఉండేలా పెట్టుకుని, తాగే ఆడవాళ్లున్నారు, వాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది, నిజమే. అంతమాత్రాన నోట్లో ఏమొచ్చినా పొగాకేనా? వేరేచోట పుట్టి, రక్తంతో పాటు వచ్చి దవడ ఎముకలో దిగేవీ ఉంటాయి. నోటి క్యాన్సర్లలో ఇవి నూటికి ఒకటి, అంతే. ఆడవాళ్లకు ఎక్కువగా రొమ్ము నుంచి, మగవాళ్లకు ఊపిరితిత్తుల నుంచి వస్తాయి. కిడ్నీ, థైరాయిడ్, ప్రొస్టేట్ నుంచి కూడా. ఎక్కువగా చేరేది కింది దవడలో, వెనక పళ్ల దగ్గర. పెదవికీ గడ్డానికీ స్పర్శ తెలిపే నరం వెళ్లేది ఆ ఎముకలోంచే. దాన్ని నొక్కితే ఈ మొద్దుబారడం. కొందరికైతే ఒంట్లో క్యాన్సర్ ఉందన్న సంగతే మొదట నోట్లో బయటపడుతుంది.

పెద్దమ్మది పట్టుకున్నది ఓ డెంటల్ కాలేజీలో ఇంకా చదువుకుంటున్న పిల్ల. దూదిపోచతో గడ్డానికి రెండువైపులా రాసి చూసి, "అమ్మా, ఇంతకుముందు పెద్ద జబ్బేదైనా చేసిందా?" అంది. అప్పుడు దవడంతా కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, ఆ తర్వాత ముక్క పరీక్ష. రొమ్ముదే. రేడియేషన్ ఇచ్చాక నొప్పి తగ్గి మళ్లీ అన్నం నమిలి తింది. పెదవికి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

మీరు విశాఖలోనే ఉన్నారు కాబట్టి హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒకవేళ ఆవిడకు ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షన్లు ఇస్తున్నా, గతంలో ఇచ్చినా, పంటి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ మందు మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక మానక కుళ్లిపోవచ్చు. పాత ఫైలు, బయాప్సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. వాళ్లు అడగకపోయినా టేబుల్ మీద పెట్టండి. పన్ను పీకుతామంటే ముందు ఓపీజీ తీయమనండి.