బోర్డు రంధ్రంలో ఇరుక్కున్న లెడ్ గురించి అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఆంప్లిఫయర్ బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్‌ని బాగానే ఊడదీశావు. ఒక రంధ్రం శుభ్రంగా వచ్చింది, రెండోది లెడ్‌తో, అంటే అతుకుపెట్టే సోల్డర్‌తో, పూడిపోయి ఉంది. కరిగిన లెడ్‌ని పీల్చే పంపు ఎంత కొట్టినా రావట్లేదు, సన్న డ్రిల్ బిట్ పెట్టి తొలిచేయనా అని అడిగావు. వద్దు అల్లుడూ. ఆ ఒక్క పనీ చేయకు.

నీది రెండు వైపులా రాగి ఉన్న బోర్డు. అలాంటి బోర్డులో రంధ్రం లోపలి గోడకు కూడా రాగి పూత ఉంటుంది. మందం సుమారు 25 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు. రంధ్రం చుట్టూ ఉండే రాగి వలయాన్ని ప్యాడ్ అంటారు, పై ప్యాడ్‌కీ కింది ప్యాడ్‌కీ కనెక్షన్ ఇచ్చేది ఆ పూతే. డ్రిల్ తిప్పితే లెడ్‌తో పాటు ఆ పూతా పోతుంది. పైకి రంధ్రం నీటుగా కనిపిస్తుంది, కొత్త కెపాసిటర్ చక్కగా కూర్చుంటుంది, కానీ పైనుంచి కిందికి కరెంటు దారి తెగిపోతుంది. పాత రేడియోల్లో ఒకవైపే రాగి ఉండే బోర్డులకు ఈ బాధ లేదు, వాటి గోడకు పూతే ఉండదు. అందుకే పాత మెకానిక్‌లు కొందరు డ్రిల్ అలవాటు వదులుకోరు. వాళ్లను చూసి నువ్వు నేర్చుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. ఫొటోలో మొండికేసింది మైనస్ కాలు రంధ్రం. దాని చుట్టూ వెడల్పాటి గ్రౌండ్ రాగి పరుచుకుని ఉంది. గండి పడ్డ కాలువలో నీళ్లు పారించినట్టు, నీ 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఇచ్చే వేడి ఇచ్చినట్టే ఆ రాగిలోకి పోతోంది. పైన లెడ్ కరుగుతుంది, అడుగున గట్టిగానే ఉంటుంది. పంపు కొడితే కరిగిన పై సగం వచ్చేసి కింది సగం మిగులుతుంది. ఆ మిగిలినదాని మీద మళ్లీ మళ్లీ పంపు కొడుతున్నావు. అక్కడే వస్తోంది చిక్కు. సగం ఖాళీ అయిన రంధ్రంలో ఐరన్ మొనకున్న బిట్‌కీ అడుగున ఉన్న లెడ్‌కీ మధ్య గాలి తప్ప ఏమీ లేదు, వేడి కిందికి దిగే దారే లేదు.

కాబట్టి ముందు ఆ రంధ్రాన్ని కొత్త లెడ్‌తో నిండా నింపు. తీయాల్సిన చోట ఇంకా పోయమంటాడేంటి మామయ్య అనుకోకు. కొత్త తీగ లోపల రోజిన్ ఫ్లక్స్ ఉంటుంది, అది పాత లెడ్ మీది తుప్పు పొరను కడిగేస్తుంది. నిండుగా ఉన్న లెడ్ వేడిని అడుగుదాకా మోసుకెళ్తుంది. పైగా ఈ మధ్య ఫ్యాక్టరీల్లో వాడేది ఎక్కువగా సీసం లేని సోల్డర్, అది 217 డిగ్రీలు దాటితే గానీ కరగడం మొదలవదు. మన 60/40 లెడ్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 183 దగ్గరే మొదలై 190 కల్లా పూర్తిగా నీరవుతుంది. రెండూ కలిస్తే మొత్తం త్వరగా కరుగుతుంది.

ఐరన్ కూడా మార్చు. ఇలాంటి గ్రౌండ్ రంధ్రానికి 60 వాట్ల టెంపరేచర్ కంట్రోల్ ఉన్నది కావాలి. 350 దగ్గర పెట్టుకో. పెన్సిల్ ములుకులాంటి బిట్ తీసేసి ఉలిలా వెడల్పుగా ఉన్నది బిగించు. హాట్ ఎయిర్ గన్ దొరికితే దూరం నుంచి బోర్డుకు ముందే కాస్త వెచ్చదనం ఇవ్వు, పని సగం అయిపోయినట్టే.

బోర్డును నిలువుగా క్లాంపులో పెట్టు. ఒక వైపు నుంచి బిట్ ఆనించు, రెండో వైపు పంపు మూతిని రంధ్రం పక్కనే సిద్ధంగా పట్టుకో. పంపు వైపు లెడ్‌నే చూస్తూ ఉండు. మొదట మసగ్గా ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా అద్దంలా మెరిసి కొంచెం కుంగుతుంది. అప్పుడు రంధ్రమంతా కరిగినట్టు. ఇంకో సెకను ఆగు, మూతి అదిమి పెట్టి బటన్ నొక్కు, ఐరన్ తీయకుండానే. రాకపోతే మళ్లీ నింపి, బోర్డు చల్లారనిచ్చి, మళ్లీ చెయ్యి. ఐరన్ అలాగే అదిమి పెట్టి ఉంచితే ప్యాడ్ లేచిపోతుంది. పంపు లోపల పేరుకున్న లెడ్ ముక్కలు కూడా దులుపు. మూతికి బొటనవేలు అడ్డం పెట్టి బటన్ నొక్కితే వేలు లాగినట్టు అనిపించాలి, లేకపోతే ఆ పంపు దండగ.

గోడకు పల్చగా అంటుకుని మిగిలితే రాగి విక్ వాడు, అంటే లెడ్‌ని పీల్చుకునే సన్న రాగి తీగల అల్లిక. విక్‌కి ఫ్లక్స్ రాసి, బిట్‌తో అదిమి, రెండింటినీ కలిపే పైకెత్తు. విక్ అతుక్కుపోతే మాత్రం పీకకు, ప్యాడ్ దాంతో పాటే ఊడి వస్తుంది. మళ్లీ వేడి చేసి తియ్యి. ఇంజెక్షన్ సూది కూడా మంచిదే. స్టెయిన్‌లెస్ స్టీలుకు మన లెడ్ అంటుకోదు కాబట్టి, కరిగినప్పుడు సూది దూర్చి, గట్టిపడేదాకా తిప్పుతూ ఉంటే దారి ఏర్పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం గుచ్చకు. బోర్డును కాల్చి బల్లకేసి కొట్టడం షాపుల్లో చూసే ఉంటావు. కరిగిన లెడ్ ఎగిరి కళ్లలో పడొచ్చు, ఐసీ కాళ్ల మధ్య పడి షార్ట్ కావొచ్చు. నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు. రేకు పనివాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ కూడా దగ్గరికి రానీకు, అది రాగిని తర్వాత తినేస్తుంది.

60/40 తీగలో సీసం ఉంది నాన్నా. మీ అమ్మ కూరగాయలు తరిగే బల్ల మీద ఈ పని పెట్టుకోకు. కిటికీ తెరిచి, కళ్లజోడు పెట్టుకుని కూర్చో. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తిను.

రంధ్రంలోంచి వెలుతురు కనిపించాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మీటర్‌ని కంటిన్యూటీలో (కనెక్షన్ ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్‌లో) పెట్టి, పై ప్యాడ్ మీద ఒక ప్రోబ్, కింది ప్యాడ్ మీద ఇంకోటి ఆనించు. గ్రౌండ్‌కి వేరే దారులు కూడా ఉంటాయి కాబట్టి బీప్ ఒక్కటే నమ్మకు, లెన్స్ పెట్టి గోడకు మెరిసే లోహపు పూత నిలిచి ఉందో లేదో చూడు. గోడ పోయినట్టుంటే కంగారు పడకు, కెపాసిటర్ కాలిని పైనా కిందా రెండు వైపులా సోల్డర్ చెయ్యి. పైన బిట్ అందకపోతే కాలి నుంచి పై వైపు రాగికి సన్న వైరు వేస్తే సరిపోతుంది.

కొత్త కెపాసిటర్ పాతదాని మైక్రోఫారడ్సే ఉండాలి, వోల్టేజ్ మాత్రం తగ్గకూడదు. చార ఉన్న కాలు మైనస్, అది ఈ మొండి రంధ్రంలోకే వెళ్లాలి. పవర్ ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసి పంపు, నేను చూసి చెప్తాను.

నీ మామయ్య