తిండి దగ్గర పేచీ పెట్టే కుక్కకు ఏ డ్రై ఫుడ్ కొనాలి?

మీ రెండేళ్ల స్పిట్జ్ డ్రై ఫుడ్ వేస్తే వాసన చూసి పక్కకు పోతుందనీ, చికెన్ అన్నం పెడితే మాత్రం గిన్నె నాకేస్తుందనీ, మూడు బ్రాండ్లు మార్చినా ఇదే కథ కాబట్టి తిరుపతిలో దొరికేవాటిలో మంచిదేదో చెప్పమనీ అడిగారు. మా ఇంట్లో ఉన్నదీ స్పిట్జే, పేరు బంటి, పేచీల్లో మీ దానికి అన్న. నా మాట వింటే నాలుగో బ్రాండు ఇప్పుడే కొనకండి. మూతి తిప్పుకున్న ప్రతిసారీ గిన్నెలో కొత్తది పడుతుంటే, ఆగితే ఇంకా మంచిది వస్తుందని దానికి అలవాటైపోతుంది.

కుక్క తిండిని ఎంచుకునేది ముఖ్యంగా ముక్కుతోనే. మన నాలుక మీద రుచి మొగ్గలు 9,000 దాకా ఉంటే దానికి 1,700 చుట్టుపక్కలే. డ్రై ఫుడ్ తయారయ్యేటప్పుడు పిండిముద్దను బాగా వేడి మీద అచ్చులోంచి నొక్కి, ఆరబెట్టి, ఆఖర్న పైన కొవ్వు, వాసననిచ్చే పూత పట్టిస్తారు. కుక్కను గిన్నె దాకా లాక్కొచ్చేది ఆ పూతే. గాలికి, ఎండకు ముందుగా పాడయ్యేదీ అదే. మన ఊళ్లో ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? రోడ్డు మీదికి వేలాడదీసిన ప్యాకెట్లు, మూత లేని డబ్బాలోంచి గరిటెతో తీసి తూకానికి అమ్మే లూజు ఫుడ్డు, ఇవి ఎంత పెద్ద కంపెనీవైనా నేను ముట్టుకోను. లూజులో ఎప్పుడు తయారైందో తేదీ ఉండదు, వెనకాల ఏం రాశారో చూద్దామంటే సంచే ఉండదు.

అందుకే కొత్త ప్యాకెట్ తెరవగానే ముందు మీరే ముక్కు పెట్టి చూడండి. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని నలపండి. వేళ్లకు సన్నగా జిడ్డు తగలాలి, మాంసం వేయించినట్టు వాసన రావాలి. పాత నూనె వాసన గానీ, నిలవ పల్లీల వాసన గానీ వస్తే కుక్కను తిట్టి లాభం లేదు, అది చెప్పేది నిజమే. చిన్న కుక్కకు పదికిలోల సంచి చవకని తెచ్చుకోవద్దు, తెరిచాక నెల, నెలన్నరలో అయిపోయేంత సైజే కొనండి. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ డబ్బాలోకి ఒంపకుండా, సంచి మూతి గట్టిగా మడిచి, సంచిని అలాగే స్టీలు డబ్బాలో పెట్టండి. ఒంపితే డబ్బా అడుగున పాత జిడ్డు పేరుకుని కొత్త ఫుడ్డునూ చెడగొడుతుంది. పొయ్యి పక్కన, మేడమీద రేకుల గదిలో అసలు వద్దు.

ఇక క్వాలిటీ సంగతి. ముందువైపు బొమ్మలు వదిలేసి సంచి తిప్పండి. పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, కానీ అందులో రెండు తిరకాసులున్నాయి. ఒకటి, పచ్చి చికెన్‌లో దాదాపు మూడొంతులు నీళ్లే, వండక ముందు బరువుతో అది మొదటి పేరుగా వస్తుంది, ఆరాక మిగిలేది తక్కువ. చికెన్ మీల్ అని ఉంటే మొహం చిట్లించుకోనక్కర్లేదు, అది నీళ్లు తీసేసిన పొడి కాబట్టి ప్రోటీన్ దాంట్లోనే ఎక్కువ. రెండోది, మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, బియ్యం తవుడు అని ధాన్యాన్ని ముక్కలు చేసి విడివిడిగా రాస్తే ఒక్కోటీ కిందికి పోతుంది, కలిపి చూస్తే చికెన్ కంటే అవే ఎక్కువ ఉండొచ్చు. ఆ తర్వాత ఎదిగిన కుక్కకు సంపూర్ణ ఆహారం అన్న మాట ఉందో లేదో చూడండి, అది లేనిది చిరుతిండి కిందే లెక్క. అమెరికాలో పాటించే ఆఫ్కో (AAFCO, అక్కడి పశు ఆహార అధికారుల సంఘం) ప్రమాణం ప్రకారం తేమ తీసేసి లెక్కిస్తే ఎదిగిన కుక్కకు ప్రోటీన్ కనీసం 18 శాతం, కొవ్వు 5.5 శాతం ఉండాలి, కుక్కపిల్లలకైతే 22.5, 8.5. నేనైతే ఎదిగినదానికీ సంచి మీద 22కు తగ్గితే కొనను. గ్రెయిన్ ఫ్రీ, అంటే ధాన్యం లేనిది అని రెట్టింపు రేటు పెట్టక్కర్లేదు. మసూర్ పప్పు, బఠానీల్లాంటి పప్పుధాన్యాలు ఎక్కువుండే అలాంటి ఫుడ్డుకూ కుక్కల్లో ఒక గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలన మొదలుపెట్టింది, ఇప్పటికీ అవునని గానీ కాదని గానీ తేలలేదు. డాక్టర్ చెబితే తప్ప నేను అటు పోను.

గింజ సైజు కూడా చూడండి, స్పిట్జ్ నోటికి లాబ్రడార్ గింజ పెద్దదైపోతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు.

అసలు ఆకలుందా లేదా అన్నది ఇంకో లెక్క. ఎనిమిది కిలోల ఇంటి కుక్కకు రోజుకు 450 నుంచి 530 కేలరీలు సరిపోతాయి, డ్రై ఫుడ్ వంద గ్రాములకు 350 నుంచి 400 దాకా ఇస్తుంది, అంటే రోజంతటికీ 130 గ్రాముల చుట్టుపక్కల. మా ఇంట్లో పొద్దున మా నాన్న టీ తాగుతూ బంటికి నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు వేస్తాడు, అవే వంద కేలరీలకు దగ్గర. మా అమ్మ ఇడ్లీ అంచు, పక్కింటి ఆంటీ గోడ మీంచి పూరీ ముక్క. మధ్యాహ్నానికి బంటిగాడికి కడుపు నిండి ఉంటే, తినట్లేదు పాపం అని మళ్లీ వీళ్లే చికెన్ ఉడకబెడతారు. చిరుతిండి మొత్తం రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా పెద్దవాళ్లకు. గొడవ అవుతుంది, కానివ్వండి.

మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చకండి. ఉడికించిన చికెన్ అన్నంలో నాలుగో వంతు డ్రై ఫుడ్ కలిపి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ పోండి. గింజల మీద గోరువెచ్చని నీళ్లు రెండు చెంచాలు పోస్తే వాసన లేస్తుంది, బంటిగాడు మొదట దారికొచ్చింది దాంతోనే. చికెన్ ఉడికిన నీళ్లైనా పోయొచ్చు, కానీ ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి మన కూర గ్రేవీ, సాంబారు అన్నం వద్దే వద్దు. గిన్నె పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు చూసి తీసేయండి. బతిమాలడం, చేత్తో తినిపించడం రెండూ మానేయండి.

మన వైపు ఇంకో చిక్కుంది. శనివారం నీసు ముట్టని ఇళ్లెన్నో, తమిళుల పెరటాసి నెలంతా మానేసే ఇళ్లూ ఉన్నాయి. ఆదివారం చికెన్, శనివారం పెరుగన్నం అని తిప్పితే ఏ కుక్కైనా పేచీ పెడుతుంది. డ్రై ఫుడ్ అలవాటైతే ఇంట్లో మాంసం వండకపోయినా దాని తిండి మారదు. పెరటాసి మొదలయ్యే సెప్టెంబరు మధ్యలోపే అలవాటు చేసేయండి.

ఇదంతా ఆరోగ్యంగా ఉన్న కుక్కకు. మీది చికెన్ ఆబగా తింటోంది కాబట్టి పెద్ద టెన్షన్ అక్కర్లేదు గానీ, గట్టి గింజ కొరకలేక వదిలేస్తోందేమో పళ్లు, చిగుళ్లు ఒకసారి చూడండి. చికెన్ కూడా ముట్టకుండా ఒక రోజు గడిస్తే, జ్వరం, వాంతులు, తెల్లబడిన చిగుళ్లు కనిపిస్తే, ఒంటి మీద గోమార్లు ఉంటే బ్రాండ్ల గొడవ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ముందుగా పడిపోయేవాటిలో ఆకలి ఒకటి. మన ఊళ్లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉండనే ఉంది. చిన్న పిల్లయితే ఒక రోజు కూడా ఆగొద్దు.

పేరే కావాలంటే, బంటి ఇప్పుడు తినేది డ్రూల్స్ చికెన్ అండ్ ఎగ్. చేతిలో డబ్బు ఆడితే రాయల్ కెనిన్ మినీ అడల్ట్, దాని గింజ పది కిలోల లోపు కుక్కల కోసమే చేసింది. మీ దగ్గరున్న మూడు ప్యాకెట్ల వెనకవైపు ఫోటోలు, కుక్క బరువు పెట్టండి, వాటిలోనే ఒకటి పనికొస్తుందేమో చూసి చెప్తాను.