టెక్ సందేహాలు: ఎస్‌ఎంపీఎస్ విప్పే ముందు

ప్రశ్న: మా డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) పోయిందంటున్నారు. సర్క్యూట్ అర్థం చేసుకుని నేనే బాగుచేద్దామనుకుంటున్నా. డయాగ్రామ్ ఎక్కడ దొరుకుతుంది?
– డిప్లొమా విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: డయాగ్రామ్ కావాలంటూ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. చాలా మోడళ్లకు కంపెనీలు బయటపెట్టవు. నెట్‌లో ‘అదే’ అంటూ దొరికేది ఎక్కువసార్లు వేరే బోర్డుది. మీరే గీసుకోండి. అంతకన్నా ముందు, డబ్బా విప్పకుండానే, మదర్‌బోర్డు నుంచి ఊడదీసిన పెద్ద కనెక్టర్‌లో పర్పుల్, బ్లాక్ వైర్ల మధ్య 5 వోల్టులు ఉన్నాయేమో చూడండి. ఉంటే గ్రీన్‌ను బ్లాక్‌కు కలపండి. ఫ్యాన్ తిరిగి, ఎల్లో వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు వస్తే, తప్పు మదర్‌బోర్డుదో, పవర్ బటన్‌దో కావచ్చు. పర్పుల్‌లోనే ఏమీ రాకపోతే విప్పాల్సిందే.

నా భయమంతా ఇక్కడే. 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక, అంటే డీసీగా మారాక, చార్జిని నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. ప్లగ్ పీకినంత మాత్రాన అది పోదు. దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ బోర్డు మీద ఉన్నా, కాలిపోయి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పెట్టి ‘టప్’మనిపించే వీడియోలు చూసి మోసపోకండి. ప్లగ్ పీకి, 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఆ కెపాసిటర్ రెండు కాళ్లకు అర నిమిషం పట్టి ఉంచి, మీటర్‌తో కొలిచి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

ఇక గీయడం. బోర్డుకు రెండు వైపులా ఫొటోలు తీసి, కింది వైపుది అద్దంలోలా తిప్పి పక్కన పెట్టుకోండి. మధ్యలో ట్రాక్ లేని ఖాళీ పట్టీ కనిపిస్తుంది. దాన్ని దాటేవి ట్రాన్స్‌ఫార్మర్లు, వెలుతురుతో సంకేతం దాటించే నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్లు, నాయిస్‌ను అణిచే నీలం వై కెపాసిటర్లు మాత్రమే. ఒక పక్క కరెంటు, ఇంకో పక్క కంప్యూటర్. తర్వాత ఐసీ నంబర్ చదవండి. పాత వాటిలో టీఎల్494 అనే కంట్రోల్ ఐసీ గానీ దాని నకలు గానీ ఉంటుంది. డేటాషీట్‌లోని నమూనా సర్క్యూట్ పెట్టుకుంటే సగం పని అయినట్టే. విడిభాగాలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మళ్లీ ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు (షార్ట్ ఉంటే కరెంటును అదుపు చేసేలా లైనులో వరుసగా కలిపే బల్బు) మర్చిపోవద్దు.

చవక రకాలు విప్పితే నాకు ఒళ్లు మండుతుంది. కరెంటు లైనులో నాయిస్‌ను ఆపే ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన చోట రెండు తీగముక్కలు, ఫిల్టర్ కెపాసిటర్ కోసం ‘సీఎక్స్1’ అని అచ్చువేసిన దగ్గర ఖాళీ రంధ్రాలు. స్టిక్కర్ మీద మాత్రం 500 వాట్లు!

ఫిల్టర్ ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌కు మన ఇళ్లు ఇంకో పరీక్ష పెడతాయి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని హాస్టల్ కుర్రాళ్లు రాస్తుంటారు. వై కెపాసిటర్ల చిన్న లీకేజీ ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీద దాదాపు సగం మెయిన్స్ వోల్టేజీ తేలుతుంది. అద్దె పెంచేటప్పుడు గుర్తొచ్చే గది, ఎర్త్ వైరు వేయించేటప్పుడు ఓనర్లకు గుర్తురాదు. మూడో పిన్ విరిచేసి టూ పిన్‌లో దూర్చే ఘనులూ ఉన్నారు. సాకెట్‌లో ఫేజ్, ఎర్త్ మధ్య మీటర్ పెట్టి చూడండి. 230కి దగ్గర్లో చూపించకపోతే ఎస్‌ఎంపీఎస్ పక్కనపెట్టి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.