ట్రైలర్ ఎక్కబోతున్న మేనల్లుడికి

ఒరే చిన్నా,

అంబాజీపేట కొబ్బరి లారీ మానేసి గాజువాకలో ఇనుము తోలే ట్రైలర్ ఎక్కుతున్నావట. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి ఏడుస్తూనే చెప్పింది. "వాడికేంటే, చెయ్యి తిరిగిన డ్రైవరు" అని నేను గొప్పగానే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఈ వయసుకే నలభై అడుగుల బండి నీ చేతికిస్తున్నారంటే నాకు గర్వమే. ఏం లెక్కలు మాట్లాడుకుని ఇస్తున్నారన్నదే బెంగ.

హెవీ లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అని మర్చిపోకు. టైర్లు, గాలి, లైట్లు చూడమని నీకు నేను చెప్పక్కర్లేదు. రివర్సు ఒక్కటీ ఖాళీ బండితో నేర్చుకున్నాకే లోడు ముట్టుకో.

జీతం నెలకు ముప్పై వేలు, బత్తా వేరే అన్నాడట ఓనరు. బాగానే ఉంది. బత్తా రోజుకా, ట్రిప్పుకా అని అడిగావా? ట్రిప్పుకైతే అక్కడే మునుగుతావు. తోలేది ఒక రోజు ఉంటే, యార్డు బయట క్యూలో కూర్చునేది రెండు రోజులుంటుంది. అన్‌లోడింగ్ దగ్గర క్రేన్ రాలేదని ఇంకో రోజు పోతుంది. ఆ ఖాళీ రోజులకు ఓనరు సరుకు పార్టీ దగ్గర హాల్టింగ్ డబ్బులు వసూలు చేసుకుంటాడు. అందులో నీకేమిస్తాడో ముందే తేల్చుకో. బరకం కప్పడం, చైన్లు బిగించడం కూడా పనేరా, గంటలు పడుతుంది. దానికి కూలీ ఇస్తాడా, ఊరికే చేయించుకుంటాడా? డీజిల్ తరుగొస్తే జీతంలో కోస్తాడా? రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాసి ఉండేది. రోడ్డు మీద దాన్ని పాటించినవాణ్ణి నేను చూడలేదు గానీ, జీతం మాట్లాడేటప్పుడు ఆ లెక్క నీ తలలో ఉండాలి.

ఫైన్ల సంగతీ అడుగు. ఓవర్‌లోడుకు 20 వేలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2 వేలు. సరుకు హద్దు దాటి పక్కకో, వెనక్కో, పైకో వస్తే మరో 20 వేలు. లోడు ఎక్కించమనేది ఓనరు, పట్టుబడేది నువ్వు. కాటా చీటీ చూడకుండా గేటు దాటకు.

ఇక అసలు సంగతి. కొబ్బరి లారీకి చుట్టూ బాడీ ఉంటుంది. ఎంత బ్రేకు కొట్టినా కాయలు ఆ చెక్కల మధ్యే పడుంటాయి. ట్రైలర్ మీద ఇనుముని పట్టి ఉంచేది నువ్వు కట్టిన చైన్లే. చువ్వలు 12 మీటర్ల పొడవుంటాయి, నీ ట్రైలర్ అంతకంటే కాస్తే ఎక్కువ. అంటే కట్ట మూతి క్యాబిన్ వెనకే ఉంటుంది, నీ వీపుకి ఎదురుగా. ఇనుము మీద ఇనుము జారుతుంది, తడిస్తే మరీను. కింద, వరసల మధ్య చెక్క దిమ్మలు వేయించు. క్రేన్ వాడు తొందరపెడితే పెట్టనీ. బయల్దేరిన అరగంటలో కట్టలు కుదుపులకి సర్దుకుని కిందికి దిగుతాయి, నువ్వు ఎంత బిగించినా చైను వదులైపోతుంది. అందుకని గాజువాక దాటాక మొదట ఆపేది చైన్లు చూడ్డానికే. టీ తర్వాత తాగొచ్చు.

ఇది ఎందుకింత సాగదీస్తున్నానో మీ అమ్మకి తెలియదు. ఆవిడకి నేను ఎప్పుడూ చెప్పలేదు.

నేను క్లీనరుగా చేరింది తణుకు వైపు ఒక పెద్దాయన దగ్గర. పేరు రాయను, ఆయన పిల్లలు చుట్టుపక్కలే ఉన్నారు. హైవే నాలుగు లైన్లు కాకముందు, ఐదో నంబరు రోడ్డు అనేవాళ్లం. తాగుడు లేదు, కోపం లేదు, తన అన్నంలో నాకు పెట్టిన మనిషి. అన్నవరం వస్తే కొండ కింద తొలి పావంచా, అదే మొదటి మెట్టు దగ్గర బండి ఆపకుండా పోయేవాడు కాదు. ఆ రాత్రీ ఆపాడు. కొబ్బరికాయ కొట్టి, బంపరుకి కుంకుమ పెట్టి, నా నుదుటా పెట్టాడు. "చైన్లు చూడనా?" అన్నాను. "నా చేత్తో కట్టిందేరా, పద" అన్నాడు.

దాళ్వా, అదే రెండో పంట వరి కోతల రోజులు. సిద్ధాంతం వంతెన దాటి పెరవలి వైపు పోతున్నాం. సగం రోడ్డు మీద ధాన్యం రాశి, దాని మీద నల్ల బరకం, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు. మన రైతులంతా చేసేదే. కళ్లం లేక మీ తాతయ్యా అలాగే ఎండబోశాడు, ఎవర్ని తిట్టుకోను? లైట్ల వెలుతుర్లో రాయి కనబడేసరికి మీదికొచ్చేశాం. ఎదురుగా బస్సు, ఎడమపక్క బోదె కాలువ. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. బండి ఆగింది గానీ మధ్య కట్టలోంచి చువ్వలు ముందుకి దూసుకొచ్చి, క్యాబిన్ వెనక రేకుని చీల్చుకుని లోపలికొచ్చాయి. ఒకటి ఆయన కుడి భుజంలోంచి పోయింది. నేను నీళ్ల సీసా కోసం కిందికి వంగి ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. తెల్లారాక చూస్తే చైను ఒక్కటీ తెగలేదు. అన్నీ వదులుగా వేలాడుతున్నాయి.

ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఓనరు మొదట్లో మందులకిచ్చి, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. పాలసీలో డ్రైవరుకీ క్లీనరుకీ ప్రీమియమే కట్టలేదని అప్పుడు బయటపడింది. చివరికి రైస్ మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. ఆ మిల్లు ముందు నుంచి వెళ్లాల్సొస్తే నేను పక్క సందులోంచి పోయేవాణ్ణి. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

కాబట్టి బండెక్కే ముందు ఇన్సూరెన్స్ పాలసీ జిరాక్సు అడుగు. నీ పనికి ప్రీమియం కట్టారా లేదా అన్నది అందులో రాసుంటుంది. ఓనరు నసిగితే మీ అమ్మ మాట విని కొబ్బరి లారీకే తిరిగి వెళ్లు. దాళ్వా కోతలకి ఏప్రిల్, మేలోనూ, తొలి పంట సార్వాకి నవంబరు, డిసెంబరులోనూ మన జిల్లాల్లోకి రాత్రి దిగితే నెమ్మదిగా రా. ఎదుటివాడు లైట్లు కొట్టాడని మార్జిను దిగకు. వానకి నానిన కాలువగట్టు లోడు బండిని మోయదు.

బరకం కప్పేటప్పుడు గాలి వేస్తే ఆగు, తడి చువ్వల మీద చెప్పులతో ఎక్కకు. లోడు మీంచి జారి నడుం విరిగినవాళ్లని చాలామందినే చూశాను. గ్లౌజులు, బూట్లు నీ డబ్బుతోనైనా కొనుక్కో. రోహిణీ కార్తెలో ఆ ప్లాట్‌ఫాం ముట్టుకుంటే చర్మం ఊడుతుంది. 2025 అక్టోబరు నుంచి తయారైన లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మీ ఓనరు నీకు పాత బండే ఇస్తాడని నా అనుమానం.

నిద్రొస్తే పడుకో. సరుకు వెంట ఉండే జీఎస్టీ చీటీ, ఈ-వే బిల్లు, 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన ఇస్తారు, గడువైపోతోంది రా రా అని ఓనరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. టెన్షన్ పడకు. గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి, తీరాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. ఆఫీసులో కూర్చున్నవాణ్ణి ఆ పని చెయ్యమను.

బండి నంబరు, ఓనరు నంబరు మీ అమ్మకి రాసివ్వు. రోజుకో ఫోన్ చెయ్యి, ఏం మాట్లాడకపోయినా పర్లేదు. అత్తయ్య నీ కోసం దుప్పటి, ఫ్లాస్కు తీసిపెట్టింది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, బత్తా సంగతి ఓనరు ఏమన్నాడో అప్పుడు చెప్పు. అది తేల్చుకోకుండా బండెక్కావో, రావులపాలెం సెంటర్లో అడ్డం నిలబడి నేనే దింపేస్తాను.

మీ మామయ్య